పెదవికీ శబ్దానికీ మధ్య కొన్ని మిల్లీసెకన్లు

వీడియోలో మనిషి పెదవులు 'గ' అని పలుకుతుంటాయి. దానికి అతికించిన శబ్దం మాత్రం 'బ'. చూసేవాళ్లలో చాలామందికి ఆ రెండూ కాకుండా 'డ' అని వినబడుతుంది. 1976లో మనస్తత్వ శాస్త్రజ్ఞులు హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ ఈ వింతను లోకానికి చెప్పారు. కిటుకు తెలిసినా సరే, చెవి మోసపోతూనే ఉంటుంది. కళ్లు మూసుకుంటే 'బ' మళ్లీ 'బ'గానే వినబడుతుంది.

ఆటిజం ఉన్నవాళ్లు సగటున ఈ మాయలో తక్కువగా పడతారు. ముఖాల వైపు అంతగా చూడరు కాబట్టేమో అని ఎవరికైనా అనుమానం వస్తుంది. అయితే ముఖాన్నే చూస్తున్నప్పుడు కూడా తేడా బయటపడ్డ ప్రయోగాలున్నాయి. కన్ను, చెవి తెచ్చిన సమాచారాన్ని మెదడు జతపరిచే తీరులోనే ఏదో భేదం ఉందన్నమాట.

ఈ జతపరచడం పైకి కనిపించేంత తేలిక కాదు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే పోగలదు. పది మీటర్ల అవతల ఎవరైనా చప్పట్లు కొడితే, చేతులు కలవడం కనబడ్డ దాదాపు 30 మిల్లీసెకన్లకు గానీ చప్పుడు చెవిని చేరదు. తీరా చేరాక వరస తిరగబడుతుంది: చెవి చకచకా నాడీ సంకేతాన్ని పంపేస్తుంది, కంటి వెనక పొర రెటీనాలో జరిగే రసాయన చర్యలకు అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది. ఇన్ని హెచ్చుతగ్గులున్నాయి కనుకే మెదడు కొంత గడువు ఇస్తుంది. ఆ గడువులోపు వచ్చిన దృశ్యాన్నీ శబ్దాన్నీ ఒకే సంఘటన కింద లెక్కవేస్తుంది. చిన్నపిల్లల్లో ఈ గడువు ఎక్కువ. ఎదిగే కొద్దీ తగ్గుతూ వస్తుంది.

ఆటిజం ఉన్న పిల్లల్లో ఇది తోటివాళ్లకంటే ఎక్కువగా ఉంటుందని 2014లో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. ఆసక్తికరమైన సంగతేమిటంటే, వాళ్ల పరీక్షల్లో ఈ తేడా మాటల దగ్గరే కొట్టొచ్చినట్టు కనబడింది. ఒక మెరుపు, ఒక బీప్ లాంటి సాదా జతల దగ్గర కాదు. మాటలో అక్షరాలు ఒకదాని వెనక ఒకటి తోసుకొస్తాయి. గడువు మరీ ఎక్కువైతే ఏ పెదవి కదలిక ఏ అక్షరానిదో తేల్చుకోవడం కష్టం.

నిశ్శబ్దమైన గదిలో దీనివల్ల పెద్ద ఇబ్బంది లేదు, చెవి ఒక్కటే చాలు. పదిమంది ఒకేసారి మాట్లాడేచోట అసలు చిక్కు. అలాంటప్పుడు మనమంతా తెలియకుండానే పెదవుల మీద ఆధారపడతాం. ఆటిజం ఉన్న బడి ఈడు పిల్లలకు ఆ సాయం అంతగా అందడం లేదని జాన్ ఫాక్స్, సోఫీ మోల్‌హోమ్ అనే నాడీశాస్త్ర పరిశోధకుల బృందం గమనించింది. అదే బృందం కౌమారంలోకి వచ్చిన పిల్లలను పరీక్షిస్తే ఆ అంతరం దాదాపు కనబడలేదు. కాబట్టి దీన్ని పూడ్చలేని లోపమనడం నాకు తొందరపాటుగా తోస్తుంది. ఆ మాటకొస్తే, మెక్‌గర్క్ పరీక్షలో ఉన్న శబ్దాన్ని ఉన్నట్టు విన్నది మాయలో పడనివాళ్లే!

2013 నుంచి అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ప్రమాణాల్లో ఇంద్రియానుభవాల తేడాలు కూడా ఆటిజం లక్షణాల్లో చేరాయి. ఎదుటివాళ్ల ముఖం చూస్తూ వినాల్సి వస్తే మాట పట్టు తప్పిపోతుందని, చూపు పక్కకు తిప్పుకుంటేనే బాగా అర్థమవుతుందని ఆటిజం ఉన్న పెద్దలు చాలామంది ఎప్పటినుంచో చెబుతున్నారు.