హ్యాండిల్ విరిగితే కిటికీ పోయినట్టు కాదు: డబుల్ గ్లేజింగ్ కిటికీల గురించి అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో యూపీవీసీ, అంటే గట్టి ప్లాస్టిక్ చట్రాలతో, డబుల్ గ్లేజింగ్, అంటే రెండు అద్దాలతో ఉండే కిటికీలు బిగించడం, బాగుచేయడం నా వృత్తి. మారతహళ్లి, కాడుగోడి, కె.ఆర్.పురం, ఎలక్ట్రానిక్ సిటీ వైపు మన తెలుగువాళ్ల ఇళ్లు ఎక్కువ కాబట్టి నాకు వచ్చే ఫోన్లలో చాలా భాగం తెలుగులోనే ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో మామిడి వానలు పడి ఈదురుగాలి కొట్టిన మర్నాడు ఆ ఫోన్లు మరీ ఎక్కువవుతాయి. మాట మాత్రం దాదాపు ఒకటే. "అన్నా, కిటికీ హ్యాండిల్ విరిగిపోయింది. ఈ మోడల్ ఇప్పుడు రావడం లేదట, కిటికీ మొత్తం మార్చాలంటున్నారు. ఎంతవుతుంది?" ఎంతవుతుందని అడిగేవాళ్లే గానీ, అసలు మార్చాలా అని అడిగేవాళ్లు తక్కువ. ఈ ఒక్క అపోహ వల్ల మనవాళ్లు పోగొట్టుకుంటున్న డబ్బు చూస్తే బాధ కలుగుతుంది కాబట్టి, దాని గురించే ముందుగా, కాస్త ఎక్కువగా రాస్తున్నాను.

అపోహ: అదే మోడల్ హ్యాండిల్ దొరక్కపోతే కిటికీ మొత్తం మార్చాల్సిందే.

వాస్తవం: మార్చనక్కర్లేదు. కిటికీని మూసి పట్టి ఉంచేది హ్యాండిల్ కాదు. రెక్క అంచులో నిలువునా ఒక లోహపు పట్టీ, దాని మధ్యలో చిన్న గేర్‌బాక్స్ ఉంటాయి. హ్యాండిల్ తిప్పినప్పుడు గేర్‌బాక్స్ ఆ పట్టీని పైకో కిందికో జరుపుతుంది. పట్టీ మీద ఉన్న పుట్టగొడుగు ఆకారపు పిన్నులు ఫ్రేములోని కొక్కాల్లోకి వెళ్లి రెక్కను రబ్బరు మీదికి గట్టిగా లాగుతాయి. హ్యాండిల్ పని తిప్పడం వరకే. అది గేర్‌బాక్స్‌కు రెండు స్క్రూలతో, స్పిండిల్ అనే చదరపు కడ్డీతో అతుక్కుని ఉంటుంది. కీళ్ల మీద తెరుచుకునే కేస్‌మెంట్ కిటికీలకూ, లోపలికి వాలుతూ తెరుచుకునే టిల్ట్ అండ్ టర్న్ కిటికీలకూ వాడే యూరోపియన్ పద్ధతి హార్డ్‌వేర్‌లో ఆ రెండు స్క్రూల మధ్య దూరం సాధారణంగా 43 మి.మీ., స్పిండిల్ మందం 7 మి.మీ. జర్మనీ కంపెనీ చేసినా, ఆస్ట్రియా కంపెనీ చేసినా, మన దేశంలోనే పోత పోసినా ఈ రెండు కొలతలు దాదాపుగా మారవు. అందువల్ల మీ కిటికీ చేసిన కంపెనీ ఉన్నా, మూతపడినా, ఆ మోడల్ ఆగిపోయినా, ఈ రెండు కొలతలు సరిపోయిన మరో హ్యాండిల్ అక్కడ కూర్చుంటుంది. పిడి వంపు వేరుగా ఉండవచ్చు, రంగు కాస్త తేడాగా ఉండవచ్చు, కిటికీ మాత్రం ఎప్పటిలాగే మూసుకుంటుంది.

మారే కొలత ఒకటి ఉంది. అది స్పిండిల్ పొడవు. దుకాణానికి పరుగెత్తే ముందు తెలుసుకోవలసింది అదే. హ్యాండిల్‌ను అడ్డంగా, అంటే తెరిచే స్థితిలోకి తిప్పండి. దాని అడుగున ఉన్న మూతను కొద్దిగా పైకి లాగి పక్కకు తిప్పితే కిందా పైనా రెండు స్క్రూలు బయటపడతాయి; కొన్ని రకాల్లో మూత తిరగదు, స్క్రూల మీద చిన్న ప్లాస్టిక్ బిరడాలు ఉంటాయి, వాటిని గోటితో తీయాలి. స్క్రూలు విప్పి హ్యాండిల్‌ను నేరుగా మీ వైపు లాగండి. ఇప్పుడు హ్యాండిల్ అడుగు పలక రెక్కకు ఆనే చోటి నుంచి స్పిండిల్ కొస వరకు స్కేలుతో కొలవండి. మన దగ్గర 35, 40 మి.మీ. స్పిండిళ్లు తరచుగా కనిపిస్తాయి, కానీ ప్రొఫైల్ (చట్రం పట్టీ) మందాన్ని బట్టి వేరే పొడవులూ ఉంటాయి కాబట్టి ఊహించి కొనకూడదు. స్పిండిల్ పొడవెక్కువైతే హ్యాండిల్ రెక్కకు ఆనదు. దాన్ని రంపపు బ్లేడుతో కోసి సరిచేయవచ్చు. పొట్టిదైతేనే అసలు ప్రమాదం. గేర్‌బాక్స్ రంధ్రంలో కొస మాత్రమే పట్టుకుని, మొదట్లో బాగానే తిరిగి, కొన్నాళ్లకు ఆ రంధ్రం అంచులను అరగదీస్తుంది. అప్పుడు హ్యాండిల్‌తో పాటు గేర్‌బాక్స్ కూడా మార్చాల్సి వస్తుంది. స్క్రూల పొడవు కూడా పాతవాటితో పక్కపక్కన పెట్టి చూసుకోవాలి, ఎందుకంటే కొత్త హ్యాండిల్ అడుగు పలక పల్చగా ఉంటే పాత స్క్రూ లోపలికి ఎక్కువ దూరం పోయి గేర్‌ను నొక్కి పట్టేస్తుంది. బిగించేటప్పుడు చేతి స్క్రూడ్రైవరే వాడండి. డ్రిల్ మిషన్‌తో బిర్రుగా బిగించిన హ్యాండిళ్లు తిరగక మొరాయించడం నేను తరచూ చూస్తుంటాను.

టిల్ట్ అండ్ టర్న్ కిటికీ అయితే హ్యాండిల్ తీసిన తర్వాత గేర్‌బాక్స్‌ను కదిలించకూడదు, పాతది ఏ స్థితిలో ఉండగా తీశారో కొత్తదాన్ని సరిగ్గా అదే స్థితిలో పెట్టాలి. వంపు తిరిగిన పిడి ఉన్న కేస్‌మెంట్ హ్యాండిళ్లలో ఎడమ, కుడి రకాలు వేరు. ఏది ఎడమ, ఏది కుడి అన్న విషయంలో దుకాణానికో లెక్క ఉంది కాబట్టి ఆ మాటలు నమ్ముకోకుండా, గది లోపల నిలబడి కీళ్లు కూడా కనిపించేలా కిటికీ ఫొటో తీసి, పాత హ్యాండిల్‌ను చేతిలో పట్టుకుని వెళ్లండి. ఎస్పీ రోడ్డు హార్డ్‌వేర్ దుకాణాల్లో గానీ, మీ పేటలోని యూపీవీసీ వర్క్‌షాపులో గానీ ఆ రెండూ చూపిస్తే చాలు.

ఈ 43, 7 లెక్క వర్తించని కిటికీలూ ఉన్నాయి, వాటి సంగతీ చెప్పాలి. అల్యూమినియం కేస్‌మెంట్లలో చాలావాటికి చదరపు స్పిండిల్ బదులు రెండు కొమ్ముల ఫోర్కు ఉంటుంది, దాని పొడవు, కొమ్ముల మధ్య ఎడం కొలవాలి. గేర్‌బాక్స్ ఏమీ లేకుండా హ్యాండిల్ ముక్కే ఫ్రేము మీద ఉన్న బిళ్లను పట్టుకునే పాత రకాల్లో, ఆ ముక్కు హ్యాండిల్ అడుగు నుంచి ఎంత ఎత్తున ఉందో చూడాలి. పక్కకు జరిగే స్లైడింగ్ కిటికీల్లో తాళం కోసం ప్రొఫైల్‌లో కోసిన గాడి పొడవు, వెడల్పు, స్క్రూల దూరం ముఖ్యం. వీటిలో ఏదీ కిటికీ మొత్తం మార్చడానికి కారణం కాదు.

ఇంత సులువైన పని చుట్టూ అపార్టుమెంట్ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే మాటలు చూస్తే నాకు సహనం నశిస్తుంది. ఎవరో ఒకరు "ఆ కంపెనీ ఎత్తేశారు, స్పేర్లు దొరకవు" అని రాస్తారు. హ్యాండిల్ విప్పి చూసినవాడు ఒక్కడూ ఉండడు, సాయంత్రానికి టవర్ మొత్తం కొటేషన్లు తెప్పించుకుంటుంది. వందల్లో దొరికే వస్తువు కోసం వేలకు వేలు పోస్తారు. పైగా మంచి ఫ్రేమును గోడలోంచి పెరికితే గోడ అంచులూ, గ్రానైట్ గట్టూ పాడై ఆ ఖర్చు విడిగా పడుతుంది. హాల్లో ఒకే రకం హ్యాండిళ్లు ఉండాలన్న పట్టింపు ఉంటే పడకగదిలోని పాతదాన్ని తెచ్చి హాల్లో పెట్టి, కొత్తదాన్ని పడకగదికి బిగించండి.

అపోహ: బిగుసుకుపోయి విరిగిన హ్యాండిల్ స్థానంలో కొత్త హ్యాండిల్ వేస్తే సరిపోతుంది.

వాస్తవం: విరిగినదాన్ని మార్చాలి, నిజమే. కానీ అది ఎందుకు విరిగిందో చూడకపోతే కొత్తదీ అక్కడే విరుగుతుంది. ఒక మిల్లీమీటరు మందమున్న గాజు చదరపు మీటరుకు 2.5 కిలోలు తూగుతుంది. 5 మి.మీ. అద్దాలు రెండు కలిస్తే చదరపు మీటరుకు 25 కిలోలు. ఆ బరువంతా ఒక పక్క కీళ్లకో, రెక్కను మోసే ఫ్రిక్షన్ స్టే అనే లోహపు చేతులకో వేలాడుతూ ఏళ్లు గడిచేసరికి, హ్యాండిల్ వైపు మూల ఒకటి రెండు మిల్లీమీటర్లు కిందికి జారుతుంది. పిన్నులు కొక్కాలకు ఎదురుగా ఉండవు. ఇంట్లోవాళ్లు బలం పెట్టి తిప్పుతారు. చాలా హ్యాండిళ్లు జింక్ మిశ్రమంతో పోత పోసినవి కాబట్టి వంగడం తెలియదు, మెడ దగ్గర ఒక్కసారిగా తెగుతాయి.

మామూలు కేస్‌మెంట్ అయితే కారణం కనుక్కోవడానికి నిమిషం చాలు. రెక్కను కొద్దిగా తెరిచి పట్టుకుని హ్యాండిల్ తిప్పండి. తెరిచినప్పుడు హాయిగా తిరిగి, మూసినప్పుడే బిగుస్తుంటే రెక్క జారింది; హ్యాండిల్ తప్పేమీ లేదు. తెరిచినప్పుడు కూడా బిగుతుగానే ఉంటే గేర్‌బాక్స్‌లోనో పట్టీలోనో అడ్డు ఉంది. హ్యాండిల్ గిర్రున తిరుగుతూ పిన్నులు కదలకపోతే స్పిండిల్ గానీ గేర్‌బాక్స్ గానీ అరిగింది. రెక్క జారడానికి మందు చాలాసార్లు అద్దం కింద పెట్టే ప్లాస్టిక్ ప్యాకర్లలోనే ఉంటుంది. కీళ్ల వైపు అడుగు మూలలోనూ, దానికి ఎదురుగా హ్యాండిల్ వైపు పై మూలలోనూ అద్దానికీ చట్రానికీ మధ్య ప్యాకర్లు సరిగా పెడితే, అద్దమే ఐమూలగా రెక్కను పైకి ఎత్తి పడుతుంది. ఇది తెలిసినవాళ్లు చేయాల్సిన పని, ఎందుకంటే అద్దాన్ని పట్టి ఉంచే బీడింగ్ ఊడదీయాలి. బయటికి తెరుచుకునే రెక్కల కోసం పై అంతస్తుల్లో కిటికీలోంచి వంగి పని చేయడానికి మాత్రం ఇంట్లోవాళ్లెవరూ సాహసించకండి.

కాడుగోడిలో ఒక ఇంటికి వెళ్లాను. నెల్లూరు నుంచి కూతురింటికి వచ్చిన పెద్దావిడ తలుపు తీశారు. హ్యాండిల్ మొండేనికి దుప్పటి అంచు చింపి ముడి వేసి, రెండో కొసను మంచం కోడుకు కట్టి ఉంచారు. "గాలికి రెక్క ఎక్కడ ఊడి కింద పిల్లల మీద పడుతుందోనని రాత్రంతా కూర్చునే ఉన్నాను బాబూ" అన్నారు. అంతకు ముందు వచ్చినవాళ్లు ఇంట్లోని కిటికీలన్నీ ప్రమాదకరంగా ఉన్నాయని భయపెట్టి వెళ్లారట. నేను చూస్తే కీళ్లు దిట్టంగా ఉన్నాయి, అడుగు ప్యాకర్ ఒకటి పక్కకు జరిగి రెక్క వాలింది. ప్యాకర్ సరిచేసి, 40 మి.మీ. స్పిండిల్ ఉన్న హ్యాండిల్ వేసి, ఆవిడ చేతే తిప్పించాను. చిటికెన వేలితో తిరిగింది. "అయితే మా అల్లుడు కిటికీలు కొనక్కర్లేదా బాబూ?" అని రెండుసార్లు అడిగారు. అలాంటివాళ్లను భయపెట్టి వ్యాపారం చేయడం నాకు మహాపాపంగా తోస్తుంది.

ఊడి పడుతుందన్న భయం టిల్ట్ అండ్ టర్న్ ఉన్న ఇళ్లలో మరీ ఎక్కువ. రెక్క తెరిచి ఉండగా హ్యాండిల్ తిరిగిపోతే పై మూల విడిపోయి రెక్క అడ్డదిడ్డంగా లోపలికి వేలాడుతుంది. చూడటానికి ఘోరంగా ఉంటుంది గానీ, కింది మూల కీలూ, పైన ఉండే లోహపు చేయీ దాన్ని పట్టుకునే ఉంటాయి. ఇద్దరుండాలి: ఒకరు రెక్కను, ముఖ్యంగా కీళ్ల వైపు పై మూలను, ఫ్రేముకు ఆనించి నొక్కి పట్టుకుంటే, రెండోవారు రెక్క అంచులో ఉండే చిన్న లివరును నొక్కి హ్యాండిల్‌ను వాలే స్థితికి తిప్పాలి. ఆ తర్వాత పూర్తిగా మూసి, హ్యాండిల్ కిందికి దించి, మళ్లీ మామూలుగా తెరవవచ్చు.

మిగిలినవి త్వరగా చెబుతాను. రెండు అద్దాల మధ్య ఆవిరి పడితే దానికీ హ్యాండిల్‌కూ సంబంధం లేదు. అంచు సీలు పోయి లోపలి తేమ పీల్చే గుళికలు నిండిపోయాయని అర్థం, అద్దాల జత మాత్రం మార్చుకుంటే చాలు, ఫ్రేము అలాగే ఉంటుంది. రోడ్డు రొద తగ్గడానికి ఖరీదైన హ్యాండిల్ అక్కర్లేదు. పిన్నుల్లో చాలావాటిని ఎల్లెన్ కీతో కొద్దిగా తిప్పితే రెక్క రబ్బరు మీదికి మరింత బిగుస్తుంది, ఆ రబ్బరు ఎండి పగిలి ఉంటే దాన్ని మార్చాలి. కొబ్బరినూనె వద్దు, ఈ ఊరి దుమ్మంతా దానికే అంటుకుంటుంది. ఏడాదికొకసారి లోహపు భాగాలకు పల్చటి మిషన్ ఆయిల్, రబ్బరుకు సిలికాన్ స్ప్రే సరిపోతాయి. బరువున్న హ్యాండిలే మంచిదన్నది కూడా నిజం కాదు. చెన్నైలో బీసెంట్ నగర్, తిరువాన్మియూర్ వంటి సముద్రం ఒడ్డు పేటల్లో బంధువులున్నవాళ్లు నన్ను దీని గురించే అడుగుతుంటారు. అక్కడ ఉప్పుగాలికి పైపూత బుడగలు లేచి ఊడుతుంది కాబట్టి బరువు కాదు, తుప్పు పరీక్ష చూడాలి. యూరప్ వాళ్ల ఈఎన్ 1670 తుప్పు ప్రమాణంలో 4వ గ్రేడు అంటే ఉప్పునీటి తుంపరలో 240 గంటలు, 5వ గ్రేడు అంటే 480 గంటలు తట్టుకున్నదని. లేదా 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు తీసుకోవచ్చు. బెంగళూరుకు అంత అవసరం లేదు.

తాళం ఉన్న హ్యాండిల్ గురించి మాత్రం ఆగి చెప్పాలి. చిన్నపిల్లలున్న ఇళ్లలో, అందులోనూ పై అంతస్తుల్లో, తాళం హ్యాండిల్ వేయించుకోమనే నా సలహా. మామూలు హ్యాండిల్ స్థానంలోనే అవే రెండు స్క్రూలతో కూర్చుంటుంది. కొందరు తాళం వేసి చెవిని బీరువాలో దాచేస్తారు, మరికొందరు హ్యాండిల్‌కే వదిలేస్తారు. రెండూ తప్పే. నిప్పంటుకుని గది పొగతో నిండినప్పుడు బీరువా వెతికే వ్యవధి ఉండదు, హ్యాండిల్‌కే వదిలిన చెవి పిల్లవాడి చేతికి అందుతుంది. కిటికీకి దగ్గరగానే, పిల్లలకు అందని ఎత్తులో గోడకు మేకు కొట్టి చెవిని తగిలించండి, అది ఎక్కడుందో ఇంట్లోని పెద్దలందరికీ, పనిమనిషితో సహా, చూపించండి. ఆ మేకు కింద కుర్చీ గానీ, మంచం గానీ లేకుండా చూసుకోండి.