పసుపులోని కర్క్యుమిన్ మెదడు దాకా చేరుతుందా?

శరీర బరువులో మెదడు సుమారు 2 శాతమే. మనం వాడుకునే ఆక్సిజన్‌లో మాత్రం దాదాపు 20 శాతం దానికే పోతుంది. అంత ఆక్సిజన్ ఖర్చయ్యే చోట ఫ్రీ రాడికల్స్ (కణాలను దెబ్బతీసే చురుకైన అణువులు) పుట్టక తప్పదు. పైగా నాడీకణాల పొరల్లో తేలిగ్గా ఆక్సీకరణ చెందే కొవ్వులు ఎక్కువ. పార్కిన్సన్స్‌లో దెబ్బతినే మెదడు భాగం సబ్‌స్టాన్షియా నైగ్రాలో ఇనుము కూడా పోగుపడుతుంది. నాడీకణాల మధ్య సంకేతాలు మోసే డోపమైన్ విచ్ఛిన్నమైనప్పుడు పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను ఆ ఇనుము ఇంకా ప్రమాదకరమైన హైడ్రాక్సిల్ రాడికల్‌గా మారుస్తుంది.

అందుకే మొక్కల యాంటీఆక్సిడెంట్ల (ఫ్రీ రాడికల్స్‌ను అడ్డుకునే పదార్థాల) మీద ఇంత ఆశ. కానీ తిన్నది మెదడు దాకా చేరడమే కష్టం. ఆ కోవకు చెందిన కర్క్యుమిన్ పసుపులో సుమారు 3 శాతం, అంటే 3 గ్రాముల పసుపులో 90 మిల్లీగ్రాములు. అది నీటిలో కరగదు. పేగు గోడా కాలేయమూ దానికి గ్లూక్యురోనిక్ ఆమ్లాన్ని తగిలించి బయటికి పంపేస్తాయి. 1998లో వచ్చిన ఒక అధ్యయనంలో 2 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చినా రక్తంలో దాదాపు కనబడలేదు. మిరియాల్లోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు కలిపితే 20 రెట్లు పెరిగింది. అయినా రక్తంలో తేలింది సుమారు అర మైక్రోమోలార్ (గాఢతకు కొలత; వెయ్యి మైక్రోమోలార్లు ఒక మిల్లీమోలార్). ల్యాబ్‌లో కణాల మీద పోసేది తరచూ 5 నుంచి 20 మైక్రోమోలార్!

మరో లెక్క చూడండి. మెదడు కణాలు సొంతంగా తయారుచేసుకునే యాంటీఆక్సిడెంట్ గ్లూటాథయోన్ గాఢత మిల్లీమోలార్ స్థాయిలో, అంటే రక్తంలో తేలిన ఆ కర్క్యుమిన్ కన్నా వెయ్యి రెట్లకు పైగా ఉంటుంది. కాబట్టి ఆహారంలోని పాలీఫినాల్స్ (కర్క్యుమిన్ లాంటి మొక్కల పదార్థాలు) రాడికల్స్‌ను ఒక్కొక్కటిగా పట్టి చంపుతాయన్న పాత వివరణ నిలబడదు. మొక్కల పదార్థాల్లో కొన్ని చేసేది వేరే పని: కణం సొంత రక్షణను తట్టి లేపడం. ఎన్ఆర్ఎఫ్2 అనే ప్రోటీన్‌ను మామూలుగా కీప్1 అనే మరో ప్రోటీన్ పట్టి ఉంచుతుంది. బ్రకోలీ నుంచి వచ్చే సల్ఫోరఫేన్ లాంటి అణువు కీప్1లోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లానికి అంటుకోగానే ఆ పట్టు సడలుతుంది. ఎన్ఆర్ఎఫ్2 కేంద్రకంలోకి వెళ్లి గ్లూటాథయోన్ తయారీ జన్యువులను పనిలో పెడుతుంది. ఇందుకు కొద్ది మోతాదు చాలు. నా దృష్టిలో ఈ రంగంలో గట్టి ఆలోచన ఇదే.

సల్ఫోరఫేన్ కోయని బ్రకోలీలో సిద్ధంగా ఉండదు. కోసినప్పుడు మైరోసినేజ్ ఎంజైమ్ అందులోని గ్లూకోరఫనిన్ అనే పదార్థాన్ని విడగొడితేనే వస్తుంది. కోసిన వెంటనే ఉడకబెడితే ఎంజైమ్ చచ్చిపోతుంది. సన్నగా తరిగి 40 నిమిషాలు ఉంచి, 3–4 నిమిషాలు మాత్రమే ఆవిరి మీద పెట్టాలి. ఫ్రోజెన్ బ్రకోలీని ప్యాక్ చేసే ముందే వేడి చేస్తారు గనక అందులో ఎంజైమ్ మిగలదు. వండి దించాక అర చెంచా ఆవపొడి చల్లితే ఆవాల మైరోసినేజ్ ఆ లోటు తీరుస్తుంది.

మాత్రల సంగతి అంత ఆశాజనకంగా లేదు. 75 ఏళ్లు దాటిన 3,069 మందిపై జింకో (ఒక చెట్టు ఆకుల సారం) 120 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు ఇచ్చి చూస్తే (2008) డిమెన్షియా (మతిమరుపు వ్యాధి) రావడం తగ్గలేదు. 613 మంది అల్జీమర్స్ రోగుల్లో రోజుకు 2,000 యూనిట్ల విటమిన్ ఇ రోజువారీ పనులు చేసుకునే శక్తి క్షీణతను కొంత నెమ్మదింపజేసింది (2014), జ్ఞాపకశక్తిని మాత్రం కాపాడలేదు. అల్జీమర్స్ లక్షణాలు బయటపడే సరికి మెదడులో మార్పు మొదలై 15–20 ఏళ్లు అయి ఉంటుంది. ఇవి విఫలం కావడానికి అదొక కారణం కావచ్చు.

రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ వాడేవారు ఎక్కువ మోతాదు విటమిన్ ఇ తీసుకుంటే రక్తస్రావం ముప్పుంది. పైపరిన్ మూర్ఛమందు ఫెనిటాయిన్ స్థాయిని రక్తంలో పెంచుతుంది. గ్రీన్ టీ సారం మాత్రల్లో ఈజీసీజీ (గ్రీన్ టీలోని ప్రధాన యాంటీఆక్సిడెంట్) రోజుకు 800 మిల్లీగ్రాములు దాటితే కాలేయ ఎంజైములు పెరగొచ్చు. ఇలాంటి మందులు వాడేవారు, కాలేయ సమస్య ఉన్నవారు డాక్టరుకు చెప్పకుండా ఈ మాత్రలు మొదలుపెట్టకూడదు.