ఇంట్లో దొంగలు పడితే: అపోహలు, వాస్తవాలు

చాలా ఏళ్ళు స్టేషన్ క్రైమ్ పార్టీలో, తర్వాత సీసీఎస్ (సెంట్రల్ క్రైమ్ స్టేషన్)లో పనిచేసి రిటైరైనవాడిని. దొంగతనం జరిగిన ఇళ్ళకు వెళ్ళడమే ఉద్యోగం కాబట్టి ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పగలను. దొంగ పట్టుకుపోయిన సొత్తుతో నష్టం ఆగదు. ఆ తర్వాత రెండు మూడు రోజుల్లో చుట్టాలు, పక్కింటివాళ్ళు, వాట్సాప్ గ్రూపులు తలా ఒక మాట చెప్పి చేయించే పనుల వల్ల కేసు బలహీనపడుతుంది, ఇన్సూరెన్స్ పోతుంది, ఒక్కోసారి ఏ పాపం ఎరగని మనిషి పరువు పోతుంది. అలాంటి మాటల్లో ఎక్కువగా వినపడేవి ఇక్కడ రాస్తున్నాను. ఇప్పుడే దొంగతనం జరిగి టెన్షన్‌లో ఉన్నవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, ముందు 112కి ఫోన్ చేయండి, మిగతాది తర్వాత చదవచ్చు.

అపోహ: ముందు ఏమేం పోయాయో చూసుకుని, తర్వాత పోలీసులకు చెప్పాలి

ఊరి నుంచి వచ్చేసరికి గొళ్ళెం విరిగి వేలాడుతుంటే లోపలికి వెళ్ళకండి. మనిషి ఇంకా లోపలే ఉండవచ్చు. గేటు బయట నిలబడే ఫోన్ చేయండి.

దొంగ వెళ్ళిపోయాడని తెలిసినా సరే, బీరువా ముట్టుకోవద్దు. మేము వెళ్ళేసరికి చాలా ఇళ్ళలో మంచం మీద పారేసిన చీరలు మడతపెట్టి ఉంటాయి, బీరువా తుడిచి ఉంటుంది, వచ్చిన చుట్టాలందరికీ ఆ వంటింట్లోనే టీ కాచి ఉంటారు. క్లూస్ టీం వెతికేది సరిగ్గా అవే చోట్లు: బీరువా తలుపు అంచు, లోపలి లాకర్ రేకు, డ్రెస్సింగ్ టేబుల్ అద్దం, నగల ప్లాస్టిక్ డబ్బాల మూతలు, ఫ్రిజ్‌లోంచి తీసి తాగి పడేసిన నీళ్ళ సీసా. నున్నటి చోట బ్రష్‌తో పౌడర్ అద్దితే వేలి గీతలు పైకి తేలతాయి, వాటిని మేము చాన్స్ ప్రింట్లు అంటాం. ఇంట్లోవాళ్ళ వేలిముద్రలు కూడా తీసుకుంటారు, మిమ్మల్ని అనుమానించి కాదు, మీవి పక్కన పెడితే మిగిలేది బయటివాడిది కాబట్టి. ఆ మిగిలిన ముద్రను పాత నేరస్థుల రికార్డుతో కంప్యూటర్‌లో పోల్చి చూస్తారు, దేశమంతటికీ నాఫిస్ అనే వ్యవస్థ ఉంది. బీరువా తలుపును తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే ఈ దారి మూసుకుపోతుంది.

సర్దాలని చేతులు కొట్టుకుంటాయి, అర్థం చేసుకోగలను. చెల్లాచెదురుగా ఉన్న ఇంటిని చూస్తూ కూర్చోవడం కష్టమే. పక్కింట్లో కూర్చోండి. ఆలోగా బ్యాంకు కార్డులు బ్లాక్ చేయించండి, చెక్కుబుక్కు పోతే స్టాప్ పేమెంట్ చెప్పండి. ఫోన్ పోతే సిమ్ ఆపించండి, ఎఫ్ఐఆర్ చేతికి రాగానే సంచార్ సాథీ పోర్టల్లో ఆ ఫోన్‌ను బ్లాక్ చేయండి. ఇల్లు, పొలం దస్తావేజులు పోయాయని పెద్దవాళ్ళు కుమిలిపోతారు గానీ రిజిస్టరైనవి అయితే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ దొరుకుతుంది.

అపోహ: బంగారం మొత్తం చెబితే ఐటీ వాళ్ళు వస్తారు, కొంత తగ్గించి రాయించాలి

దీనివల్ల పోయినంత బంగారం ఇంకే మాట వల్లా పోలేదంటాను. ముప్ఫై తులాలు పోతే పది అని రాయిస్తారు. దొంగ దొరికాడనుకోండి, వాడి దగ్గర, వాడు అమ్మిన షాపులో అంతా రికవరీ అయిందనుకోండి, మీ ఎఫ్ఐఆర్‌లో ఉన్నది పది. మిగతా ఇరవై మీదేనని కోర్టులో ఎలా చూపిస్తారు?

ఇంట్లో ఇంతకు మించి బంగారం ఉండకూడదని చట్టంలో ఎక్కడా లేదు, అది ఎలా వచ్చిందో చెప్పగలగాలి అంతే. పుట్టింటివాళ్ళు పెట్టింది, అత్తగారు ఇచ్చింది అన్నీ అందులోకే వస్తాయి. పైగా 1994 మే 11 నాటి సీబీడీటీ (ఆదాయపు పన్ను శాఖను నడిపే బోర్డు) ఆదేశం ప్రకారం ఐటీ సోదా జరిగినా పెళ్ళయిన స్త్రీకి 500 గ్రాములు, పెళ్ళికాని స్త్రీకి 250, పురుషుడికి 100 గ్రాముల వరకు నగలు స్వాధీనం చేసుకోరు. కష్టపడి కొన్నదాన్ని దాచిపెట్టి చెప్పాల్సిన పని లేదు.

పెంచి రాయించేవాళ్ళూ ఉంటారు, అదీ వద్దు. తర్వాత ఇన్సూరెన్స్ సర్వేయర్ బిల్లులు అడిగితే మొత్తం ఫిర్యాదు మీదే అనుమానం వస్తుంది.

ఇంకో మాట, తులాల్లో, కాసుల్లో కాకుండా గ్రాముల్లో రాయించండి. హైదరాబాద్‌లో తులం అంటే పది గ్రాములు, పాత లెక్కలో పదకొండున్నర పైనే, కోస్తాలో కాసు అంటే ఎనిమిది. ఫిర్యాదులో ఒకటి, స్టేట్‌మెంట్‌లో ఒకటి ఉంటే డిఫెన్స్ లాయరు మొదట పట్టుకునేది దాన్నే. కంగారులో ఏదైనా మర్చిపోతే ఫర్వాలేదు, ఎఫ్ఐఆర్ తర్వాత గుర్తొచ్చినవి అదనపు స్టేట్‌మెంట్‌లో చెప్పవచ్చు, కాకపోతే వారాలు గడవనివ్వకండి. పెళ్ళి ఫోటోలు, సీమంతం ఆల్బమ్ బయటకు తీయండి, మెడలో హారం స్పష్టంగా కనిపించే ఒక్క ఫోటో నోటిమాటగా ఇచ్చే పది వర్ణనల కంటే ఎక్కువ పనిచేస్తుంది. కొత్తగా కొన్న నగల మీద అంకెలు, అక్షరాలు కలిసి ఆరు ఉండే హెచ్‌యూఐడీ (హాల్‌మార్క్ గుర్తింపు నంబరు) ఉంటుంది, బిల్లు చూసి అది కూడా రాయించండి.

అపోహ: వేరే ఏరియా స్టేషన్‌కి వెళ్తే తీసుకోరు, ఎఫ్ఐఆర్ కాపీకి డబ్బులివ్వాలి

పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 173 ప్రకారం ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, తర్వాత వాళ్ళే సంబంధిత స్టేషన్‌కి పంపుతారు. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లోపు వెళ్ళి సంతకం చేయాలి. కాపీ ఉచితం. తీసుకోకపోతే రాతపూర్వకంగా ఎస్పీకి పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ ఉన్నారు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో తొంభై రోజుల్లోగా మీకు చెప్పాలని కూడా అదే చట్టంలో ఉంది, కాబట్టి అడగడానికి మొహమాటపడవద్దు.

అపోహ: "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు", కాబట్టి ఇది పనిమనిషి పనే

సామెత పెద్దలదే గానీ దర్యాప్తు దాన్నిబట్టి చేయకూడదు. తెలిసినవాళ్ళు చేసిన దొంగతనాలు లేవని అనను, ఉన్నాయి. కానీ తాళం పగిలిన ఇంట్లో అందరికంటే ముందు అనుమానం పడేది అంట్లు తోమే ఆవిడ మీద, వాచ్‌మన్ మీద, వాళ్ళ పిల్లాడి మీద. ఆవిడకి ఇంటి తాళంచెవి ఎక్కడ ఉంటుందో తెలుసు, నిజంగా ఆవిడే అయితే గొళ్ళెం పగలగొట్టాల్సిన అవసరమేముంది? ఇంత చిన్న ప్రశ్న కూడా వేసుకోకుండా పదిమంది ముందు నిలదీస్తారు, ఆ మాట అపార్ట్‌మెంట్ అంతా పాకి మిగతా ఇళ్ళవాళ్ళు కూడా మానేయమంటారు. తర్వాత ఎక్కడో పాత నేరస్థుడు దొరికి ఈ ఇల్లు కూడా నేనే కొట్టానని ఒప్పుకున్నా, ఆవిడకి పోయిన పని తిరిగి రాదు, నిలదీసినవాళ్ళలో వెళ్ళి క్షమాపణ చెప్పినవాళ్ళను నేను పెద్దగా చూడలేదు.

అనుమానం ఉంటే దర్యాప్తు అధికారికి విడిగా, కారణంతో సహా చెప్పండి. ఫోన్ కాల్స్, కెమెరాలు, వేలిముద్రలు చూసి తేల్చడం వాళ్ళ పని. అంజనం వేయించి, అందులో కనపడిందని ఒకరి పేరు ఊళ్ళో చెప్పడం మాత్రం దయచేసి చేయకండి, ఇప్పటికీ జరుగుతోంది కాబట్టి రాస్తున్నాను. అలాగే ఫలానా గ్యాంగ్ ఊళ్ళోకి దిగిందని వచ్చే ఫార్వర్డులు. 2018 మే నెలలో తెలంగాణలో ఇలాంటి పుకార్లు నమ్మి జనం అమాయకులను కొట్టి చంపారు. కొత్త మనిషి మీద అనుమానం వస్తే 112 ఉంది, మీరు చేయి చేసుకోవద్దు.

అపోహ: పెద్ద తాళంకప్ప వేస్తే చాలు

దొంగ తాళాన్ని పగలగొట్టడు, తాళం వేలాడే గొళ్ళేన్ని పీకుతాడు. చాలా ఇళ్ళలో గొళ్ళేన్ని పట్టుకుని ఉండేవి అరంగుళం స్క్రూలు, అవి కూడా ఏళ్ళ తరబడి వానకు నాని ఉబ్బిన చెక్కలో. సన్నటి గడ్డపార కొన దూర్చి ఒక్క ఊపు ఊపితే చెక్క పెచ్చుతో సహా ఊడి వస్తుంది, వేల రూపాయల తాళం చెక్కుచెదరకుండా నేల మీద పడి ఉంటుంది. ఎన్నో గుమ్మాల ముందు అదే దృశ్యం.

కాబట్టి వడ్రంగిని పిలిచి ముందు చేయించాల్సింది ఇది: గొళ్ళేనికి తలుపు ఆ పక్కకి దూరే నట్లు బోల్టులు, గుమ్మంలో లాక్ నాలుక దూరే చోట దళసరి ఇనుప ప్లేటు, దానికి మూడంగుళాల స్క్రూలు. చెక్క పుచ్చిపోయి ఉంటే ఏ లాకూ నిలవదు, డిజిటల్ లాక్ అయినా అంతే. బయట వేలాడే తాళం కంటే తలుపులోనే ఉండే లాక్ మేలు, వీధిలోంచి చూస్తే ఇంట్లో మనుషులున్నారో లేదో తెలియదు. అవకాశం ఉంటే బయట ఒక ఇనుప గ్రిల్ తలుపు. రెండో తలుపు అంటే ఇంకొంత టైము, ఇంకొంత చప్పుడు, దొంగకి ఆ రెండూ గిట్టవు.

ముందు తలుపుకి ఇంత చేసి దొడ్డి తలుపు పాత ఫ్లష్ డోర్‌తోనే వదిలేస్తారు. మెట్ల గది మీద డాబా తలుపు, బాత్రూం వెంటిలేటర్, బాల్కనీ స్లైడింగ్ అద్దం, కిటికీలోంచి చేయి పెడితే అందే గడియ, వీటన్నిటినీ ఒక సాయంత్రం బయట నిలబడి చూడండి. తాళంచెవి చెప్పుల స్టాండులో, పూలకుండీ కింద, బీరువా తాళంచెవి బీరువా మీదే. దొంగ కూడా ముందు అక్కడే చూస్తాడు. బియ్యం డబ్బా, పోపుల డబ్బా, దేవుడి పటం వెనక కూడా చూస్తాడు. ఇంత చేసినా ఊరెళ్ళేటప్పుడు నగలు ఇంట్లో ఉండకూడదు, బ్యాంకు లాకర్లో ఉండాలి. అక్కడ దొంగతనం లాంటిది జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల వరకేనని 2022 జనవరి నుంచి ఉన్న ఆర్‌బీఐ రూలు, అది తెలిసే పెట్టుకోండి. ఎలా చూసినా బీరువా కంటే మేలే.

పగటిపూట భయం లేదనుకోవడం కూడా తప్పు. మా రికార్డుల్లో హెచ్‌బీ బై నైట్, హెచ్‌బీ బై డే (రాత్రిపూట, పగటిపూట ఇంట్లో చొరబడి చేసే దొంగతనాలు) అని రెండు రకాలుగా రాసుకునేది ఊరికే కాదు. ఇద్దరూ ఉద్యోగాలకు, పిల్లలు స్కూలుకు వెళ్ళిన ఇల్లు మధ్యాహ్నం పన్నెండింటికి ఎలా ఉంటుందో మీకే తెలుసు.

అపోహ: సీసీ కెమెరా ఉంది కదా

కెమెరా దొంగని ఆపదు, గుర్తుపట్టడానికి పనికొస్తుంది, అదీ సరిగ్గా పెడితేనే. మేము తీసుకునే ఫుటేజీలో సగం టోపీలు, మంకీక్యాపులే, కెమెరాలు మరీ ఎత్తులో ఉంటాయి. గేటు దగ్గర ఒకటైనా మొహం పడే ఎత్తులో ఉండాలి. కెమెరా రికార్డింగ్ ఉండే డీవీఆర్ పెట్టెను టీవీ కింద పెడితే దొంగ దాన్నే పట్టుకుపోతాడు. టైము పావుగంట తప్పు చూపిస్తుంటే పక్కవీధి కెమెరాతో పోల్చడం నరకం. కెమెరా పెట్టినవాడు పెట్టిన పాస్‌వర్డ్ మార్చండి. ఫుటేజీ మొబైల్‌లో వీడియో తీసి పంపితే కోర్టుకి సరిపోదు, భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి, అందుకని డీవీఆర్‌ను ఫార్మాట్ చేయకుండా అలాగే ఉంచండి.

పిల్లలు అమెరికాలో, తల్లిదండ్రులు ఇక్కడ ఒంటరిగా ఉన్న ఇళ్ళలో కొడుకు అక్కడి నుంచి కెమెరా చూస్తుంటాడు. ఇక్కడ అర్ధరాత్రి, అక్కడ పగలు, కాబట్టి ముందు చూసేది అతనే. కానీ అక్కడి నుంచి 112 కొడితే మన కంట్రోల్ రూంకి రాదు. లోకల్ స్టేషన్ నంబరు, పక్కింటి ఇద్దరి నంబర్లు +91తో సేవ్ చేసుకోమని చెప్పండి.

అపోహ: ఊరెళ్తున్నామని పోలీసులకు చెబితే విషయం బయటకు పొక్కుతుంది

బయటకు పొక్కేది మీ వాట్సాప్ స్టేటస్‌లో తిరుమల ఫోటో వల్ల, గుమ్మం ముందు మూడు రోజుల పాత ముగ్గు వల్ల, పగలు కూడా వెలుగుతున్న వరండా బల్బు వల్ల. స్టేషన్లో చెబితే రాత్రి బీట్ కానిస్టేబుల్ మీ ఇంటి వైపు ఒక చూపు వేస్తాడు. ఆంధ్రప్రదేశ్‌లో ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) యాప్‌లో అడిగితే పోలీసులే వచ్చి తాళం వేసిన ఇంట్లో కదలికను పట్టే కెమెరా ఉచితంగా పెట్టే ఏర్పాటు చేశారు, మీ స్టేషన్లో అడిగి చూడండి. పాలు, పేపరు ఆపేయండి, పక్కింటావిడను రోజూ ముగ్గు పెట్టమనండి.

అపోహ: హోం ఇన్సూరెన్స్ ఉంటే దొంగతనానికీ వస్తుంది

2021లో వచ్చిన భారత్ గృహ రక్ష అనే ఇంటి పాలసీ ప్రధానంగా అగ్నిప్రమాదం, వరద లాంటి వాటికి, మామూలు దొంగతనానికి కాదు. బర్గలరీ కవర్ (ఇంట్లో చొరబడి చేసే దొంగతనానికి బీమా) విడిగా తీసుకోవాలి, నగలకు మళ్ళీ వేరే షరతులు. పాలసీలో బలవంతంగా ప్రవేశించి అని రాసి ఉంటే ఆ ఆనవాళ్ళు లేకుండా క్లెయిమ్ రాదని 2004లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే విరిగిన తలుపు బాగుచేయించే ముందు అన్ని వైపుల నుంచి ఫోటోలు తీయండి, కంపెనీకి వెంటనే తెలియజేయండి. దొంగ దొరక్కపోతే పోలీసులు ఇచ్చే ఫైనల్ రిపోర్టు కూడా అడుగుతారు.

అపోహ: పోయింది డబ్బే కదా, నాలుగు రోజుల్లో మర్చిపోతారు

మర్చిపోరు. రాత్రి చిన్న చప్పుడైనా లేచి కూర్చునేవాళ్ళు, బీరువా ఉన్న గదిలోకి వెళ్ళలేని ఆడవాళ్ళు, బాత్రూంకి ఒంటరిగా వెళ్ళని పిల్లలు, ఇవన్నీ చూశాను. పరాయివాడు వచ్చి మన బట్టలన్నీ తడిమి వెళ్ళాడన్న రోత డబ్బుతో కొలిచేది కాదు. దానికి తోడు "నువ్వు అక్కడ పెట్టడం వల్లే" అని భార్యనో, తాళం సరిగా వేయలేదని ముసలాయననో రోజూ దెప్పిపొడవడం. అది ఆపండి. పుస్తెలు పోతే అరిష్టమని పెద్దావిడ అనే మాటలు కోడలికి చేసే గాయం చెప్పలేను. మొదటి వారం అందరూ ఒకే గదిలో పడుకున్నా తప్పులేదు. పిల్లలకు కొత్త లాక్ ఎలా పడుతుందో చూపించి వాళ్ళ చేతే వేయించండి. వారాలు గడిచినా నిద్ర పట్టకపోతే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయవచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

అపోహ: దొరికినా కోర్టులోనే మగ్గిపోతుంది, మన చేతికి రాదు

కేసు తేలేదాకా ఆగక్కర్లేదు. నగలు రికవరీ అయ్యాక బీఎన్ఎస్ఎస్ 497 కింద మేజిస్ట్రేట్ దగ్గర పిటిషన్ వేయండి. విలువైన వస్తువులను పంచనామా రాసి, ఫోటోలు తీసి, పూచీకత్తు మీద సొంతదారుకు తిరిగి ఇచ్చేయాలని, పదిహేను రోజుల నుంచి నెలకు మించి స్టేషన్లో ఉంచకూడదని 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ లాయరుకు ఆ పేరు చెబితే చాలు. కరిగించి ముద్ద చేసిన బంగారమైనా బరువును బట్టి అడగవచ్చు. ఎఫ్ఐఆర్ కాపీ, నగ వేసుకున్న ఫోటో, బిల్లులుంటే బిల్లులు, ఆధార్ తీసుకెళ్ళండి. విడుదలయ్యాక కోర్టు అనుమతి లేకుండా అమ్మడం, మార్పించడం చేయకండి, అడిగినప్పుడు తెచ్చి చూపిస్తామని బాండ్ రాసి ఉంటారు.