పార్కు జాగాకు ధర కట్టిన చోట

హైదరాబాద్ శివారు కాలనీల్లో పార్కు స్థలాల గొడవ మళ్లీ రాజుకుంది. 2024 జులైలో కబ్జాలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడ్డాక కాలనీవాసుల ఫిర్యాదులతో చాలాచోట్ల ప్రహరీలు కూలాయి, పార్కు బోర్డులు లేచాయి. ఆ స్థలాలు కొన్నవాళ్లూ కాగితాలు చూపిస్తున్నారు. మేమూ డబ్బు పోసి కొన్నాం, రిజిస్ట్రేషన్ అయింది అంటున్నారు.

కబ్జాదారుల దౌర్జన్యం గురించి అందరికీ తెలుసు. అసలు మలుపు వేరే ఉంది. పార్కు వదలకపోయినా డబ్బు కడితే చాలని ప్రభుత్వమే ఒప్పుకున్న చోట ఉంది.

లేఔట్ వేసేవాళ్లు 10 శాతం ఖాళీ జాగా వదలాలి. రోడ్లతో పాటు దాన్నీ గిఫ్ట్ డీడ్ చేసి స్థానిక సంస్థకు అప్పగించాలి. ఆ డీడ్ లేకపోతే నక్షాలో పార్కు అని రాసి ఉన్నా, రికార్డుల్లో భూమి పాత పట్టాదారు పేరు మీదే ఉండిపోతుంది. ఇరవై ఏళ్లకు వారసులు అమ్ముకుంటారు. లేదంటే బై నంబర్లు (ఉన్న నంబరుకే ఉప నంబర్లు) వేసి ప్లాట్లుగా కోస్తారు. పంచాయతీ లేఔట్లలో జరిగింది చాలావరకు ఇదే. కొన్నింటిలో అసలు పార్కే గీయలేదు.

వీటిని దారికి తేవడానికి ఉమ్మడి రాష్ట్రంలో 2007 చివర్లో, తెలంగాణలో 2015లో క్రమబద్ధీకరణ పథకాలు వచ్చాయి. 2020 ఆగస్టు 31న వచ్చిన ఎల్ఆర్ఎస్ (లేఔట్ క్రమబద్ధీకరణ పథకం) వాటన్నిటికంటే పెద్దది. దరఖాస్తులు 25 లక్షలు దాటాయి. లేఔట్‌లో 10 శాతం ఖాళీ జాగా లేకపోతే ప్లాటు విలువలో 14 శాతం కట్టాలన్నారు. మొదట ఆ ఏటి మార్కెట్ విలువ మీద లెక్క వేశారు. జనం గగ్గోలు పెట్టడంతో సెప్టెంబరులో సవరించి, ప్లాటు రిజిస్ట్రేషన్ అయిన నాటి విలువకు దించారు.

కొనుక్కున్నవాళ్లకు అది పెద్ద ఊరట, కాదనలేం. కానీ పార్కు లెక్క అక్కడే తప్పింది. పదెకరాల లేఔట్ అనుకుందాం. వదలాల్సింది ఎకరం, అంటే 4,840 గజాలు. లేఔట్ మొత్తంలో 200 గజాల ప్లాట్లు 145 ఉన్నాయనుకుందాం. రిజిస్ట్రేషన్ నాడు గజం వెయ్యి రూపాయలైతే ఒక్కో ప్లాటుకు 28,000, అందరూ కడితే దాదాపు 40 లక్షలు. ఇవాళ గజం 10,000 ఉన్నా ఆ ఎకరం కొనడానికి 4 కోట్ల 84 లక్షలు కావాలి. పైగా కొందామన్నా కాలనీ మధ్యలో ఖాళీ ఎక్కడుంది?

ఇల్లు కట్టుకోవాలని ప్లాటు కొన్న సామాన్యుడిని రోడ్డున పడేయలేమని, వసూలైన సొమ్ముతో ఆ ప్రాంతంలోనే వసతులు కల్పిస్తామని ప్రభుత్వాలు అంటూ వచ్చాయి. మొదటి మాట న్యాయమే. కానీ డ్రైనేజీ వేసినంత మాత్రాన పిల్లలు ఆడుకునే జాగా పుట్టుకురాదు.

ఈ పథకాలకు చాలా ముందే సుప్రీంకోర్టు వేరే దారి చూపింది. బెంగళూరులోని రాజ్‌మహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ఒక ట్రస్టుకు నర్సింగ్ హోమ్ కోసం ఇచ్చేస్తే స్థానికులు కోర్టుకెక్కారు. 1991లో తీర్పు వాళ్ల వైపే వచ్చింది. ఆసుపత్రి కూడా ప్రజలకు పనికొచ్చేదే కదా అన్న వాదన నిలవలేదు. పార్కుకు బదులు మరో మంచి పని కూడా చెల్లదన్న ఆ తీర్పుతో పోల్చి చూస్తే, పార్కుకు బదులు చలానా చెల్లుతుందన్న మన పద్ధతి ఎంత దూరం వచ్చేసిందో తెలుస్తుంది.

2025లో ఎల్ఆర్ఎస్‌ను మళ్లీ కదిలించినప్పుడు క్రమబద్ధీకరణ రుసుముతో పాటు ఖాళీ జాగా రుసుములోనూ 25 శాతం రాయితీ ఇచ్చారు. 2020 ఆగస్టు 26 నాటికి కనీసం 10 శాతం ప్లాట్లు రిజిస్ట్రేషన్ అయిన లేఔట్లలో అమ్ముడుపోని మిగతా ప్లాట్ల క్రమబద్ధీకరణకూ దారి తెరిచారు. పార్కు లేని కాలనీలో పార్కుకు దొరికే చివరి నేల ఆ అమ్ముడుపోని ప్లాట్లే.