పెచ్చులూడని గుమ్మటం

మా మేడ మీద గది స్లాబ్ వేసి ముప్పై ఏళ్ళు కూడా కాలేదు, అప్పుడే పెచ్చులూడి తుప్పు పట్టిన కమ్మీలు బయటపడ్డాయి. చూడ్డానికి వచ్చిన మేస్త్రి కర్రతో రెండుచోట్ల తట్టి, డొల్ల శబ్దం విని, "లోపలంతా ఉబ్బిపోయిందండీ" అన్నాడు. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టక ఫోన్‌లో కాంక్రీటు గురించి ఒకదాని వెంట ఒకటి చదువుకుంటూ పోయి, చివరికి రోమ్‌లోని పాంథియాన్ అనే పాతకాలపు గుడి దగ్గర తేలాను. దాని గుమ్మటమూ కాంక్రీటే, వయసు దాదాపు 1900 ఏళ్ళు. అందులో ఒక్క కమ్మీ లేదు.

ఆ కమ్మీ లేకపోవడమే అసలు కిటుకు. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటును లోపల్నుంచి తోసేస్తుంది, ఊడి పడేది అదే. మరి ఇనుము ఎందుకు పెడుతున్నాం అంటే, కాంక్రీటు ఎంత బరువు పెట్టి నొక్కినా ఓర్చుకుంటుంది గానీ లాగినా వంచినా పగుల్తుంది; నాలుగు స్తంభాల మీద పల్చటి స్లాబ్ పరవాలంటే కమ్మీ తప్పదు. రోమన్లు ఆ పని ఆకారంతో చేయించారు. కమాను, గుమ్మటం లాంటివి కడితే బరువంతా ఎక్కువగా నొక్కుడుగానే కిందికి దిగుతుంది.

పాంథియాన్ హేడ్రియన్ చక్రవర్తి కాలంలో, క్రీ.శ. 125 ప్రాంతంలో పూర్తయింది. అంతకుముందు అక్కడున్న గుడి కాలిపోయింది. ముఖద్వారం పైన మాత్రం "కట్టించినది అగ్రిప్పా" అని మొదటి గుడి కట్టించిన మనిషి పేరే ఉంది, హేడ్రియన్ తన పేరు వేసుకోలేదు. (బస్ షెల్టర్‌కి కూడా శిలాఫలకం వేయించుకునే కాలంలో ఉన్నాం కాబట్టి ఈ మాట చెప్పకుండా ఉండలేకపోయాను.)

గుమ్మటం అడ్డంగా 43.3 మీటర్లు. నేల నుంచి నడినెత్తిన ఉన్న గుండ్రటి కంత దాకా ఎత్తు కూడా అంతే, అంటే లోపల ఒక పెద్ద బంతి సరిగ్గా పడుతుందన్నమాట. అడుగున 6 మీటర్లకు పైగా ఉన్న మందం పైకి వెళ్ళేకొద్దీ తగ్గుతూ కంత అంచు దగ్గరికొచ్చేసరికి 1.2 మీటర్లవుతుంది. నాకు అన్నిటికంటే నచ్చింది కంకర సంగతి. పునాదిలో ట్రావర్టైన్ అనే బరువు రాయి వేశారు, పైకి పోయేకొద్దీ తేలిక రాయి, ఇటుక ముక్కలు, చివరికి నడినెత్తికి దగ్గర్లో ప్యూమిస్. అగ్నిపర్వతం కక్కిన నురుగు గడ్డకట్టి అయిన రాయి అది, ఒంటినిండా బెజ్జాలే, నీళ్ళలో వేస్తే తేలుతుంది. ఒకే గుమ్మటంలో ఎత్తును బట్టి కంకర మార్చాలంటే కింద మాలు కలిపేవాడికీ, పైన తాపీ పట్టుకున్నవాడికీ మధ్య ఎంత లెక్క నడిచి ఉండాలి! లోపలి వైపు వరసకి 28 చొప్పున ఐదు వరసల్లో గూళ్ళు తొలిచినట్టు ఉంటాయి. అందానికి అందం, కొంత బరువూ తగ్గింది. పగుళ్ళే లేవనుకోకండి. గుమ్మటం కింది భాగంలో నిలువు పగుళ్ళున్నాయి, అయినా అడుగున ఉన్న ఆ మందమే దాన్ని పక్కలకి జారిపోకుండా పట్టుకుంది.

ఇక మాలు. రోమన్లకు మన సిమెంటు లేదు, సున్నం ఉంది. మామూలు సున్నం గాలి తగిలి మెల్లగా గట్టిపడుతుంది, నీళ్ళ అడుగున దానివల్ల కాదు. నేపుల్స్ దగ్గర పొజ్జువోలి చుట్టుపక్కల దొరికే అగ్నిపర్వత బూడిద కలిపితే కథ మారిపోతుంది. అందులోని సిలికా, అల్యూమినా సున్నంతో కలిసి నీళ్ళలోనే రాయిలా బిగుసుకుంటాయి. సముద్రంలో కట్టేటప్పుడు ఒక పాలు సున్నానికి రెండు పాళ్ళు ఈ బూడిద వేయమని విట్రూవియస్ అనే రోమన్ వాస్తుశిల్పి రాసిపెట్టాడు. హేరోదు రాజు ఇప్పటి ఇజ్రాయెల్ తీరంలో సిజేరియా రేవు కట్టినప్పుడు ఈ బూడిదని ఇటలీ నుంచి ఓడల్లో తెప్పించుకున్నాడు.

మన దగ్గర గానుగలో నూరిన డంగు సున్నంలో ఇటుక పొడి కలిపేది కూడా దాదాపు ఇందుకే. కాల్చిన మట్టి పొడి ఆ బూడిద చేసే పనే చేస్తుంది. బూడిద దొరకనిచోట రోమన్లూ ఇటుక పొడే వాడారు.

రోమన్ కాంక్రీటు పగలగొట్టి చూస్తే తెల్లటి సున్నపు ఉండలు కనిపిస్తాయి. చాలాకాలం వాటిని సరిగ్గా కలపకపోవడం కిందే జమకట్టారు. మా మేస్త్రి చూసినా అదే అంటాడు, మాలు కలిపేవాణ్ణి నాలుగు తిడతాడు కూడా. 2023లో ఎంఐటీ పరిశోధకుల బృందం రోమ్‌కు దగ్గర్లోని ప్రివెర్నమ్ శిథిలాల ముక్కలు పరీక్షించి వేరే మాట చెప్పింది. పొడి సున్నాన్ని ముందే నీళ్ళలో విరియబెట్టకుండా, బూడిదతో కలిపాకే నీళ్ళు పోసి ఉంటారట. పండక్కి గోడలకి వెల్ల వేయడానికి తొట్టిలో కాల్చిన సున్నపురాయి వేసి నీళ్ళు పోస్తే కుతకుతలాడుతూ ఆవిర్లు కక్కుతుంది చూడండి, ఆ వేడి మాలు లోపలే పుడుతుందన్నమాట. ఆ వేడిలోనే ఈ ఉండలు మిగిలిపోతాయి. తర్వాతెప్పుడో పగులిచ్చి నీళ్ళు చేరితే ఉండలోని సున్నం కరిగి, పగులులోకి పారి, మళ్ళీ గట్టిపడి దాన్ని పూడుస్తుంది. ఆ పరిశోధకులు అదే పద్ధతిలో దిమ్మెలు పోసి, పగలగొట్టి, పగులుగుండా నీళ్ళు పారిస్తే రెండు వారాల్లో కారడం ఆగిపోయింది. పొడి సున్నం లేకుండా పోసిన దిమ్మెలో ఆగలేదు.

అలాగని "మన ఇంజనీర్లకంటే రోమన్లే గొప్ప" అని వాట్సాప్‌లో తిరిగే పోస్టులు నేను ఒప్పుకోను. కూలిపోయిన రోమన్ కట్టడాలు మనకి కనపడవు కదా, నిలిచినవే చూసి లెక్కేస్తున్నాం. వాళ్ళ మాలు గట్టిపడటానికి తీసుకునే టైముకి మన బిల్డర్ మూడు అంతస్తులు లేపేస్తాడు, పైగా దాంతో ఫ్లైఓవర్ వేసి లారీలు నడపలేం.

పాంథియాన్ క్రీ.శ. 609లో చర్చి అయింది, ఇప్పటికీ చర్చే. నడినెత్తి కంతకి మూత లేదు. వాన పడితే లోపల పడుతుంది. అందుకే పాలరాతి నేలని మధ్యలో కాస్త ఉబ్బెత్తుగా వేశారు, కంత కింద నేలలో చిన్న చిన్న బెజ్జాలు పెట్టారు. నీళ్ళు వాటిలోంచి దిగిపోతాయి.