అమ్మ దగ్గు వెనక ఓ పాము

అమ్మకు మూడు వారాలుగా దగ్గు. కఫం లేదు, జ్వరం లేదు. గొంతులో ఈక పెట్టి తిప్పినట్టు ఒకటే గిలి, రాత్రయితే మరీనూ. మిరియాల పాలయ్యాయి, తులసి కషాయమయింది, రెండు సీసాల సిరప్పూ ఖాళీ అయింది. చివరికి డాక్టరుగారు ఆవిడ బీపీ మాత్రల అట్ట తిరగేసి, "రామిప్రిల్ వేసుకుంటున్నారా? ఇదేనమ్మా మీ దగ్గు" అన్నారు.

రామిప్రిల్, ఎనలాప్రిల్, లిసినోప్రిల్. ఈ 'ప్రిల్'లన్నిటికీ మూలం బ్రెజిల్‌లో తిరిగే జరారాకా అనే పింజరి జాతి పాము. అది కరిస్తే రక్తపోటు పడిపోతుంది. ఆ విషాన్ని కుక్క రక్తరసంలో కలిపి చూసిన బ్రెజిల్ శాస్త్రవేత్త రోషా ఇ సిల్వా బృందం, రక్తనాళాలను వదులు చేసే బ్రాడీకైనిన్ గురించి 1949లో ప్రకటించింది. ఇది మన ఒంట్లోనూ పుట్టేదే. విషంలోని ఇంకో పదార్థం బ్రాడీకైనిన్ పనికి బలమిస్తుందని 1965లో అక్కడి శాస్త్రవేత్తే సెర్జియో ఫెరీరా చూపాడు.

ఒంట్లో జరిగేది ఇదీ. రక్తపోటు తగ్గితే కిడ్నీలు రెనిన్ అనే ఎంజైమును వదులుతాయి. కాలేయం నుంచి వచ్చే ఓ ప్రోటీన్‌లో 10 అమైనో ఆమ్లాల ముక్కను రెనిన్ కోస్తుంది. అదింకా పచ్చి సరుకే. ఊపిరితిత్తుల రక్తనాళాల గోడల మీద ఏసీఈ అనే ఎంజైము కాచుకుని ఉండి, చివరి రెండూ కత్తిరిస్తుంది. మిగిలిన 8తో తయారయ్యేదే యాంజియోటెన్సిన్-2. ఇక దాని జులుం చూడాలి: సన్న ధమనులు బిగుసుకుంటాయి, ఒంట్లో ఉప్పు నిలుస్తుంది, ఉప్పు వెంట నీరూ. బీపీ ఎక్కుతుంది.

బ్రాడీకైనిన్‌ను ముక్కలు చేసేది కూడా ఈ ఏసీఈయే. దాన్ని ఆపితే రెండు విధాలా నాళాలు వదులవుతాయి. ఫెరీరా చూపిన పదార్థం చేసేదీ అదే. అయితే విషంలోని పదార్థాన్ని మింగితే కడుపులోనే అరిగిపోతుంది, సూదే గతి. ఏసీఈలో జింకు ఉంటుంది. స్క్విబ్ కంపెనీలో కుష్మన్, ఒండెట్టి ఆ జింకును పట్టుకుని ఏసీఈని ఆపేలా గంధకం కొక్కెం ఉన్న బుల్లి అణువును తయారుచేశారు. ఈ కథలో నాకు బాగా నచ్చేది ఆ కొక్కెమే. 1981లో అమెరికాలో అనుమతి పొందిన కాప్టోప్రిల్ అదే.

మరి దగ్గు? విరగకుండా మిగిలిన బ్రాడీకైనిన్ శ్వాసనాళాల్లో పేరుకుని నరాలను గిలిపెట్టడమే ప్రధాన కారణమంటారు. అందరికీ రాదు.

అమ్మకు టెల్మిసార్టాన్ రాశారు. 'సార్టాన్'లు ఏసీఈ అనే కత్తెర జోలికి పోవు. యాంజియోటెన్సిన్-2 తయారైనా, అది పనిచేసే చోట తాళంకప్పలో పుల్ల విరిచినట్టు అడ్డుపడతాయి. ప్రిల్ అయినా సార్టాన్ అయినా గర్భిణులకు పనికిరావు. రక్తంలో పొటాషియం పెంచుతాయి కూడా. కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లు చలవ చేస్తుందని రోజూ కొబ్బరినీళ్లు తాగేముందు డాక్టరును అడగాలి.

మాత్ర మారిన పదిహేను రోజులకు దగ్గు పోయింది. మిరియాల పాలకే తగ్గిందని అమ్మ ఇప్పటికీ అంటుంది.