స్కూబీ ఇంటికి బ్యాట్‌మ్యాన్: అతిథి సూపర్‌హీరోల వెనుక హక్కుల కథ

దెయ్యాల మిస్టరీలు ఛేదించే కార్టూన్ కుక్క స్కూబీ-డూ, బ్యాట్‌మ్యాన్ తెరమీద కలిసింది 1972లో. హన్నా-బార్బెరా సంస్థ సీబీఎస్ ఛానెల్‌కు తీసిన గంట నిడివి స్కూబీ కార్యక్రమంలో వారానికో అతిథి వచ్చేవారు. బ్యాట్‌మ్యాన్, రాబిన్ రెండుసార్లు వచ్చారు, రెండుసార్లూ జోకర్, పెంగ్విన్‌లే విలన్లు. స్కూబీ నేస్తం షాగీకి గొంతునిచ్చిన కేసీ కేసమే రాబిన్‌కూ చెప్పాడు కాబట్టి, వాళ్లిద్దరి మాటలూ ఒకే గొంతులోంచి వచ్చినవే. అదే కలయిక కామిక్స్‌లో సొంత పత్రికగా నిలబడడానికి మాత్రం నలభై ఏళ్లు పైగా పట్టింది.

ఇక్కడ కథల కొరత ఏమీ లేదు, ఆలస్యమంతా హక్కుల వల్లే. స్కూబీ కామిక్స్ లైసెన్సు చాలా ప్రచురణ సంస్థల చేతులు మారింది: 1970 నుంచి గోల్డ్ కీ, తర్వాత చార్ల్‌టన్, 1977లో మార్వెల్, 1995లో ఆర్చీ. బ్యాట్‌మ్యాన్ మాత్రం డీసీ కామిక్స్ సంస్థ సొత్తు. ఒకరి కుక్కను, ఇంకొకరి హీరోను ఒకే పేజీలో నిలబెట్టాలంటే ఇద్దరు యజమానులూ ఒప్పుకోవాలి. 1996లో హన్నా-బార్బెరా యజమాని టర్నర్ సంస్థ, డీసీ యజమాని టైమ్ వార్నర్‌లో కలిసిపోయింది. మరుసటి ఏడాదే స్కూబీ పత్రిక డీసీకి వచ్చి 159 సంచికలు నడిచింది.

మార్వెల్‌ది వేరే దారి. కార్టూన్‌ను లైసెన్సు మీద తెచ్చుకుని, అందులోకి సొంత హీరోను పంపేది. నికలోడియన్ కార్టూన్ ‘రెన్ అండ్ స్టింపీ’ కామిక్ ఆరో సంచికలో (1993) స్పైడర్‌మ్యాన్ ఆ కార్టూన్‌లోని వెటకారపు సూపర్‌హీరో పౌడర్డ్ టోస్ట్‌మ్యాన్‌తో తలపడ్డాడు. రాసింది డాన్ స్లాట్. తర్వాతి కాలంలో స్పైడర్‌మ్యాన్ ప్రధాన పత్రికను ఏళ్ల తరబడి నడిపింది కూడా ఆయనే. కొత్త పత్రికకు పాఠకులను రప్పించడానికి ఈ పద్ధతి బాగా పనికొస్తుంది. చిక్కు లైసెన్సు ముగిశాక మొదలవుతుంది, ఎందుకంటే పునర్ముద్రణకు మళ్లీ రెండు సంతకాలు కావాలి. హాస్య పత్రిక కాకపోయినా, 1984లో మొదలైన ట్రాన్స్‌ఫార్మర్స్ కామిక్ ఇందుకు తగిన ఉదాహరణ. దాని మూడో సంచికలో స్పైడర్‌మ్యాన్ ఉన్నాడు. హక్కులు ఐడీడబ్ల్యూ అనే మరో ప్రచురణ సంస్థకు చేరాక ఆ సంచిక లేకుండానే సంపుటం వేయాల్సి వచ్చింది.

డీసీకి ఆ బెడద లేదు, బగ్స్ బన్నీ ఉన్న లూనీ టూన్స్ కార్టూన్లూ వార్నర్‌వే కాబట్టి. 2000లో సూపర్‌మ్యాన్, బగ్స్ బన్నీ కలిసిన నాలుగు సంచికల కథను మార్క్ ఎవానియర్ రాయగా జో స్టేటన్ బొమ్మలు వేశాడు. రెండు లోకాలనూ కలగలిపేది మిక్సిజ్‌ప్ట్‌ల్క్ అనే కొంటె మాయావి, లూనీ టూన్స్‌లోని డోడో పక్షి. మామూలు విలన్‌ను పెడితే ఈ కథ నిలవదు. బగ్స్ బన్నీకి ప్రమాదం అంటే పాఠకుడు నమ్మడు, సూపర్‌మ్యాన్‌కు పిల్లచేష్టలు అంటే ఆయన అభిమాని ఒప్పుకోడు. తర్కాన్నే తారుమారు చేసే అల్లరివాడు అయితేనే ఇద్దరికీ సమ ఉజ్జీ.

అసలైన కసరత్తు 2013 చివర్లో వచ్చిన ‘స్కూబీ-డూ టీమ్-అప్’లో కనిపిస్తుంది. రచయిత షోలీ ఫిష్, ఎక్కువ సంచికల చిత్రకారుడు డారియో బ్రిజ్వేలా. కథ ముందు డిజిటల్‌గా రెండు ముక్కల్లో వచ్చేది, ఆ రెండూ కలిస్తే ఒక అచ్చు సంచిక. అంటే నవ్వు, ఆపద, మలుపు అన్నీ సగం దగ్గరే ఒకసారి కొలిక్కి రావాలి, వెంటనే మళ్లీ ఊపందుకోవాలి. అంత ఇరుకులో హీరో శక్తే మొదటి శత్రువు. ఎక్స్‌రే చూపున్నవాడికి ముసుగు వెనుక ఎవరున్నారో ఒక్క గడిలో తెలిసిపోతుంది, ఇక మిస్టరీ ఎక్కడిది? అందుకే ఆ శక్తి పనిచేయని చిక్కును ముందే అల్లుకోవాలి, లేదంటే హీరోను కాసేపు పక్కకు తప్పించాలి.

రెండో ఇబ్బంది ఇంకా లోతైనది. స్కూబీ లోకంలో దెయ్యమంటే ముసుగు వేసుకున్న మనిషి, డీసీ లోకంలో రాక్షసుడు నిజంగానే రాక్షసుడు. తొలి సంచికకు మ్యాన్‌బ్యాట్‌ను ఎంచుకోవడంలో ఫిష్ నేర్పంతా ఉంది. అతను మందు వికటించి నిజంగానే గబ్బిలంగా మారే శాస్త్రవేత్త, లాగితే ఊడివచ్చే ముసుగు అతనికి లేదు. స్కూబీ బృందం నమ్మకానికి మొదటి అడుగులోనే పరీక్ష ఎదురవుతుంది, హాస్యమూ అక్కడే పుడుతుంది. హీరోను వెర్రివాడిగా చూపి నవ్వించడం సులువు, కానీ రెండో సంచికకే విసుగొస్తుంది. ఫిష్ రాతలో బ్యాట్‌మ్యాన్ ఎప్పుడూ గంభీరంగానే ఉంటాడు, స్కూబీ స్నాక్ అనే బిస్కెట్ కోసం షాగీ పడే ఆరాటం ఆ గాంభీర్యం పక్కన ఇంకా బాగా పండుతుంది.

బొమ్మల్లోనూ ఇదే జాగ్రత్త కావాలి. కండలు తిరిగిన హీరోను నీడలతో గీసి, సాదా రంగుల షాగీ పక్కన నిలబెడితే ఇద్దరూ వేర్వేరు పుస్తకాల నుంచి కత్తిరించి అతికించినట్టుంటారు. బ్రిజ్వేలా హీరోలనే స్కూబీ బొమ్మల గీత తీరులోకి దించాడు.

ఆ పత్రిక 2019లో 50వ సంచికతో ఆగింది. 2021లో బ్యాట్‌మ్యాన్ ఒక్కడినే స్కూబీకి శాశ్వత జోడీగా పెట్టి డీసీ మరో పత్రిక మొదలుపెట్టింది.